పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన ఇంట్లో ఏం మానాలి, ఏం వండాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు, ఉమ్మడి కుటుంబం. మా బావగారికి (మావారి అన్నయ్య) 52 ఏళ్లు. మొన్న సంక్రాంతి వెళ్లాక పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో ఎక్కిస్తున్నారు. మా మామగారు కూడా అరవై నిండకుండానే కడుపులో గడ్డతో పోయారు. అదేం గడ్డో అప్పట్లో ఎవరూ తేల్చలేదు. ఈమధ్య ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒంట్లో మంట పుట్టించే తిండి వల్లే క్యాన్సర్ వస్తుందట. అన్నం, పాలు, టమాటా, వంకాయ, కారం మానేసి పసుపు క్యాప్సూల్స్ వేసుకోవాలట, సీఆర్‌పీ అనే రక్తపరీక్ష (ఒంట్లో మంట ఎంతుందో చూపేదట) చేయించుకోవాలట. ఇంట్లో ఆరుగురం: నేను, మావారు (47 ఏళ్లు, ప్యాంటు 40 సైజు), అత్తగారు, బావగారు, తోటికోడలు, మా అబ్బాయి (19). రోజుకు రెండున్నర కేజీల బియ్యం, నెలకు ఎనిమిది నూనె ప్యాకెట్లు అవుతాయి. ఆదివారం కేజీ మేకమాంసం. మావారు వారానికి రెండుసార్లు మందు తీసుకుంటారు. అత్తగారికి చుట్ట అలవాటు, అదీ అడ్డపొగ (నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని). పప్పు పెడితే చీము పడుతుందని ఆవిడ బావగారికి చారన్నమే పెట్టిస్తున్నారు. వంట చేసేది నేనే. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, వంటింటి సంగతి వివరంగానే చెబుతాను. దానికంటే ముందు మీవారి విషయం తేల్చాలి, ఎందుకంటే అక్కడ ఇప్పటికే ఆలస్యమైంది.

తోడబుట్టినవాళ్లకో కన్నవాళ్లకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందంటే, మిగిలినవాళ్లు 40వ ఏట కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి. లేదా జబ్బు బయటపడినప్పుడు ఆ మనిషికున్న వయసులోంచి పదేళ్లు తీసేసి ఆ వయసుకు చేయించుకోవాలి. రెంటిలో ఏది ముందొస్తే అదే లెక్క. బావగారికి 52లో తేలింది, పదేళ్లు తీస్తే 42. దానికంటే 40 ముందు. మీవారికి 47 వచ్చేశాయి. రక్తం పడటం, విరేచనం తీరు మారటం లాంటివేమీ లేకపోయినా సరే, ఈ నెలలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు (పొట్ట, పేగుల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లండి. ఈ క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలవుతుంది. అది ముదిరి క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. కొలనోస్కోపీలో కనబడితే సన్నని తీగ ఉచ్చు వేసి అప్పుడే తీసేస్తారు. ఏ ఆకుకూరా చెయ్యలేని పని అది. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలున్న కూరగాయలు, జామపండ్లు ఆపమంటారు, తెల్లన్నం మజ్జిగ తినమంటారు. ఆ తర్వాత పేగు కడిగే మందు నీళ్లలో కలిపి తాగాలి. తాగలేక సగంలో వదిలేసేవాళ్లు చాలామంది. అప్పుడు పేగు శుభ్రపడదు, చిన్న బుడిపెలు మరుగున పడిపోతాయి, పరీక్షంతా మళ్లీ మొదటికొస్తుంది. దగ్గర కూర్చుని చివరి గ్లాసు దాకా తాగించండి.

మామగారి గడ్డ సంగతి మీరు రాయడం మంచిదైంది. బావగారి గడ్డ ముక్కకు 'ఎంఎంఆర్' పరీక్ష (జన్యువుల్లో తప్పులు సరిదిద్దే ఏర్పాటు పనిచేస్తోందా అని చూసేది) చేశారా అని క్యాన్సర్ డాక్టరుగారిని అడగండి. ఆ ముక్కను మైనంలో అచ్చుపోసిన బయాప్సీ బ్లాకు ఆసుపత్రిలో దాచే ఉంచుతారు కాబట్టి ఇప్పుడైనా చెయ్యొచ్చు. అందులో తేడా కనబడితే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమో చూస్తారు. అది ఉన్న ఇళ్లలో పెద్దపేగు క్యాన్సర్‌తో పాటు ఆడవాళ్లకు గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. పరీక్షలు పాతికేళ్ల లోపే మొదలుపెట్టాల్సి రావచ్చు. మీవారికి ఆ లోపం లేదని తేలితే మీ అబ్బాయికి ఆ బెంగ తప్పుతుంది. ఉంటే వాడికీ రక్తపరీక్ష చేయించాలి.

ఇక ఆ వీడియో. ఇన్‌ఫ్లమేషన్ అనే మాటను మనవాళ్లు 'మంట' అని తెలుగు చేసేసరికి సగం గందరగోళం అక్కడే మొదలైంది. మంట అనగానే మిరపకాయ గుర్తుకొస్తుంది, కారం మానేస్తే చాలనిపిస్తుంది. నాలుక మీద మిరపకాయ పుట్టించే మంటకూ దీనికీ పోలిక లేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి వాచి నాలుగు రోజుల్లో తగ్గిపోతుందే, ఆ వాపు మంచిదే, గాయం మాన్పడానికి ఒళ్లు చేసే పని అది. చెడ్డది ఆరకుండా ఏళ్లతరబడి సాగేది. రైసుమిల్లు వెనకాల ఊక కుప్పకు నిప్పంటుకోవడం మీరు చూసే ఉంటారు. పైకి మంట కనబడదు, చెయ్యి పెడితే గానీ వేడి తెలియదు, లోపల మాత్రం రోజులతరబడి కాలుతూనే ఉంటుంది. ఇదీ అలాంటిదే. కణాలు దెబ్బతింటూ, బాగుపడటానికి మళ్లీ మళ్లీ చీలుతూ ఉంటే, ఆ చీలికల్లో ఎక్కడో జన్యువులో తప్పు దొర్లుతుంది. చుట్టూ ఉన్న వాపు రసాయనాలు ఆ తప్పుడు కణం పెరగడానికే సాయపడతాయి. క్యాన్సర్ గడ్డల్లో తెల్లరక్తకణాలు గుమిగూడి ఉండటం జర్మన్ డాక్టరు రుడాల్ఫ్ విర్కో 1863లోనే గమనించాడు. ఏళ్లతరబడి పేగుపూతతో, అంటే అల్సరేటివ్ కొలైటిస్‌తో బాధపడేవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్, హెచ్ పైలోరీ సూక్ష్మజీవి ఉన్నవాళ్లకు జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి వీడియోలో చెప్పిన మూలసూత్రం అబద్ధం కాదు. మానేయమన్న జాబితాయే తప్పు.

తిండికీ ఈ వాపుకూ ఉన్న లింకును కొలవడానికి అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక కొలబద్ద తయారుచేశారు. 2014లో ప్రచురించిన రూపంలో అందులో 45 అంశాలున్నాయి. పీచు, కొవ్వు రకాలు, విటమిన్లు, మద్యంతో పాటు మన పసుపు, అల్లం, వెల్లుల్లి, ఉల్లి, మిరియాలు, టీ కూడా ఉన్నాయి. ఒక మనిషి తిండినంతా కలిపి దానికో మార్కు వేస్తారు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, వాపు పెంచే వైపు మార్కు బాగా ఎక్కువున్నవాళ్లలో, తక్కువున్నవాళ్లకంటే పెద్దపేగు క్యాన్సర్ సుమారు 40 శాతం ఎక్కువగా కనబడింది. అంకె వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, దేనిమీద 40 శాతమో చూడాలి. మన దేశంలో ఏడాదికి లక్షమందిలో పదిమందికి లోపే వచ్చే జబ్బు ఇది. ఆ కొద్దిమంది మీద 40 శాతం. పైగా అలా తినేవాళ్లు పొగ తాగడం, ఒళ్లు కదపకపోవడం లాంటివీ ఎక్కువ. లెక్కల్లో వాటిని ఎంత విడదీసినా పూర్తిగా విడిపోవు. తిండి ప్రభావం నిజమే, కానీ అది నెమ్మదైనది, ఏళ్ల మీద పనిచేసేది. ఒక్క వంకాయ వల్లో ఒక్క పూతరేకు వల్లో క్యాన్సర్ రాదు. ఇది మీ బావగారికి కూడా చెప్పండి. "నా తిండే నన్ను ఇలా చేసింది" అని ఆయన కుమిలిపోతుంటే ఆ బాధ అనవసరం.

అందుకని వంకాయ, టమాటా, కారం మానక్కర్లేదు. పాలు, పెరుగు అసలే మానకండి. వాటిలోని కాల్షియం వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కొంత తగ్గుతుందనే ఆధారాలు చెబుతున్నాయి. అన్నం కూడా మానక్కర్లేదు. తగ్గించాలి, ఎంతో చెబుతాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 2,000 కేలరీలు తినే మనిషికి రోజుకు బియ్యం, గోధుమ, రాగి లాంటివన్నీ కలిపి 250 గ్రాములు చాలు. మీ ఇంట్లో మనిషికి 400 దాటుతోంది. ఆరుగురికి కేజిన్నర లెక్క. రెండున్నర కేజీల నుంచి ఒక్కసారి దిగితే పొలం నుంచి వచ్చినవాళ్లకు ఆకలి తీరదు, పదిరోజుల్లో పాతదారికే వస్తారు. వారానికి పావుకిలో చొప్పున తగ్గిస్తూ ఆ ఖాళీని మరోదానితో నింపండి. పప్పులు మనిషికి రోజుకు 85 గ్రాములు (చేపో గుడ్డో ఉన్న రోజు ఆ మేరకు తగ్గించవచ్చు), కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. ఆరుగురికి రోజుకు రెండు కేజీల పైచిలుకు కూరగాయలు తరుగుతున్నారా అని చూసుకోండి. చాలా ఇళ్లలో కేజీ కూడా దాటదు. కూర అంటే అన్నంలోకి నంజుకునేది అన్న లెక్కలోనే ఉంటుంది.

దీనికి అసలు కారణం పీచు. పెద్దపేగులో ఉండే మంచి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తాయి. పేగు లోపలి పొరకు అదే ఆహారం, వాపును అణచేది కూడా అదే. పీచు అందకపోతే ఆ పొర పలచబడుతుంది. రోజుకు మనిషికి కనీసం 30 గ్రాములు అందాలి. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో పీచు మూడు గ్రాముల లోపే. దంపుడు బియ్యంలో నాలుగున్నర దాకా ఉంటుంది. తేడా ఉంది గానీ, ఖరీదు పెట్టి అందరికీ దంపుడు బియ్యం కొంటే మీకు కలిసొచ్చేది మనిషికి నాలుగు గ్రాములే. అదే డబ్బుతో పొట్టు పెసలు తెస్తే 100 గ్రాముల్లో సుమారు 17 గ్రాములు. రాగుల్లో 11, కందిపప్పులో 9, జామకాయలో, మునగాకులో ఎనిమిదేసి, తోటకూరలో నాలుగు పైన. వారానికి మూడు రోజులు పొద్దున్న పొట్టు తియ్యని పెసలతో పెసరట్టు, ఒకరోజు పొట్టు మినపప్పుతో దిబ్బరొట్టె వెయ్యండి. పెరట్లో గెల కోసిన అరటిచెట్టును గట్టు మీద పారేసే ముందు దూట తియ్యండి. సన్నగా చక్రాల్లా తరుగుతూ, వేలికి చుట్టుకునే నారను లాగేసి, పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడదు. పెరుగుపచ్చడికైనా, పెసరపప్పుతో కూరకైనా బాగుంటుంది. పనసపొట్టు, అరటిపువ్వు, కంద బచ్చలి ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పీచు తక్కువ తిన్న పొట్టకు ఒకేసారి పెంచితే గ్యాసు, ఉబ్బరం వస్తాయి. అందుకే మూడు నాలుగు వారాలు తీసుకుని పెంచండి, నీళ్లు సరిపడా తాగించండి.

కంద బచ్చలి అన్నాను కదా, ఆవ పెట్టడం గురించి ఒకమాట. ఆవాల్లో, క్యాబేజీ ముల్లంగి జాతి కూరల్లో ఐసోథయోసయనేట్లు అనే ఘాటు పదార్థాలు తయారవుతాయి. వాపు మీద పనిచేస్తాయని ప్రయోగశాలల్లో బాగా పరీక్షించినవి ఇవి. గింజలో అవి సిద్ధంగా ఉండవు. నీళ్లు పోసి నూరినప్పుడు లోపలి ఎంజైము కలిస్తేనే పుడతాయి, ఎక్కువ వేడి తగిలితే పోతాయి. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి నూరి, పొయ్యి కట్టేసి కూర కాస్త చల్లారాక కలపమని మీ అత్తగారి తరం చెప్పే పద్ధతే సరైనది. ఉడుకుతున్న కూరలో వేస్తే చేదెక్కుతుంది, ఆ ఘాటూ పోతుంది.

నూనె సంగతికొస్తే, రోజుకు మనిషికి 27 గ్రాములు చాలు. ఆరుగురికి నెలకు 910 గ్రాముల ప్యాకెట్లు ఐదు, మహా అయితే ఐదున్నర. మీకు ఎనిమిది అవుతున్నాయంటే ఆ మిగతాది ఎక్కువగా మూకుట్లో వేపుళ్లకే పోతోందన్నమాట. చేపను నాలుగు పూటల్లో మూడు పూటలు పులుసు పెట్టండి. వేయించక తప్పని రోజు చిన్న మూకుడు తీసుకుని పావులీటరు నూనెలోనే విడతలుగా వేయించండి. పొగ వచ్చేదాకా కాగనివ్వకండి. మిగిలిన నూనె చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టండి. అడుగున మిగిలిన పిండి నలుసులే నూనెను తొందరగా చెడగొట్టేవి. దాన్ని ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేయండి, మళ్లీ వేపుడుకు వద్దు. నురుగు తేలి ఎంతకీ అణగకపోయినా, సన్నసెగకే పొగ లేచినా, చేతికి జిగటగా తగిలినా పారబోయండి. మీ అబ్బాయి తినే బండి మీద ఫ్రైడ్‌రైస్, పకోడీ దగ్గర చిక్కు ఏమిటంటే, వాళ్లు నల్లబడ్డ పాత నూనెలోనే కొత్త నూనె పోస్తారు. పాడైన నూనెలోని పదార్థాలు కొత్తదాన్నీ తొందరగా పాడుచేస్తాయి. నూనెలో ఇలాంటి చెడిన పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. మరిగిన నూనె తిన్నందువల్ల మనుషుల్లో క్యాన్సర్ వస్తుందనే ఆధారం పెద్దపేగుకు పీచు విషయంలో ఉన్నంత గట్టిది కాదు. కానీ బాగా కాగే నూనె పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది. ఆ పొగ పీల్చేది రోజూ పొయ్యి దగ్గర నిలబడే మీరే కాబట్టి కిటికీ తెరవండి, వీలైతే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి.

కొబ్బరి దగ్గర కాసేపు ఆగాలి. కోనసీమ ఇంటికి ఉత్తరం రాస్తూ దీన్ని వదిలేస్తే ఎలా? పచ్చికొబ్బరితో ఇబ్బంది లేదు, దాన్లో పీచు బాగానే ఉంటుంది. నేను చెప్పేది ఎండుకొబ్బరి, కురిడీ, వేరుశనగ గుళ్ల గురించి. వీటికి చెమ్మ తగిలితే పచ్చ పసుపు రంగుల్లో బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాలేయ క్యాన్సర్‌కు కారణమని అనుమానాలకు తావులేకుండా తేలిన పదార్థమది. ఒంట్లో హెపటైటిస్ బి కూడా ఉంటే ముప్పు ఎన్నో రెట్లవుతుంది. మన డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా గాలిలోనే చెమ్మ. అటక మీది కురిడీ కాయ పగలగొట్టినప్పుడు లోపల పచ్చగానో నల్లగానో మచ్చ కనబడితే, దాన్ని గీకేసి మిగతాది కొబ్బరికారంలోకి వాడటం చాలా ఇళ్లలో అలవాటు. అలా చెయ్యకండి. బూజు పైన కనబడేది కొంతే, విషం లోపలికి పాకి ఉంటుంది. వేయించినా పూర్తిగా పోదు. అంతకంటే పెద్ద తప్పు, అమ్మకానికి పనికిరాని బూజు చిప్పలన్నీ ఏరి గానుగకిచ్చి ఇంటికి నూనె ఆడించుకోవడం. రిఫైనరీలో క్షారంతో కడిగినప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెలో అలాగే ఉండిపోతుంది. గానుగ నూనె మంచిదే, చిప్ప మంచిదైతేనే. కొబ్బరి చిప్పలు నేలమీద కాకుండా పట్టా మీద, రాత్రి మంచు పడకుండా లోపలికి తీసి ఎండబెట్టండి. విరిస్తే వంగకుండా పుటుక్కున విరగాలి. తేమ ఆరు శాతానికి దిగితేనే నిలవుంటుంది. వేరుశనగ గుళ్లు ముడుతపడ్డవి, రంగు మారినవి, చేదుగా తగిలినవి ఏరి పారేయండి. వానాకాలంలో నెలకు సరిపడా మాత్రమే కొని, గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టండి. ఇంటిల్లిపాదికీ హెపటైటిస్ బి ఉందేమో చూసే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష ఒక్కసారి చేయించండి, ఖర్చు తక్కువే. మీ అబ్బాయికి చిన్నప్పుడు హెపటైటిస్ బి టీకా వేశారో లేదో కార్డు చూడండి. వెయ్యకపోతే ఇప్పుడైనా మూడు డోసులు వేయించవచ్చు: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి.

ఆదివారం మేకమాంసం గురించి బెంగపడకండి. కేజీ ఆరుగురికి పంచితే వండాక మనిషికి 120 గ్రాములు కూడా రాదు. వారానికి వండిన మాంసం 350 నుంచి 500 గ్రాములు దాటకూడదన్నది హద్దు. సాసేజి, సలామీ లాంటివే వేరు సంగతి. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో తేల్చారు. మీ అబ్బాయి పిజ్జా, బర్గర్లలో అవి ఉంటాయి, వాడితో మాట్లాడండి. చేపల్లో అంతర్వేది వైపు నుంచి వచ్చే కవళ్లు, కానగంతలు వారానికి రెండుసార్లు తెప్పించండి. వాపు తగ్గించే ఒమేగా-3 కొవ్వు వాటిలో దండిగా ఉంటుంది, ఖరీదూ తక్కువ. ఉప్పుచేప, ఊరగాయ మాత్రం కట్టడి చెయ్యాలి. ఉప్పులో నిలవబెట్టినవి ఎక్కువ తింటే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఉప్పు మొత్తం మనిషికి రోజుకు ఐదు గ్రాములు, ఆరుగురికి నెలకు 900 గ్రాములు. ఊరగాయలో, ఎండుచేపలో ఉన్న ఉప్పూ ఇందులోదే.

మీవారి ప్యాంటు 40 అంటే నడుము కనీసం 101 సెంటీమీటర్లు. ప్యాంటు పొట్ట కిందికి కడతారు కాబట్టి బొడ్డు దగ్గర టేపు పెట్టి, ఊపిరి వదిలాక కొలిస్తే ఇంకా ఎక్కువే రావచ్చు. మన మగవాళ్లకు హద్దు 90, ఆడవాళ్లకు 80. పొట్టలోని కొవ్వు ఊరికే పడి ఉండదు, వాపు పెంచే రసాయనాలను అదే రోజంతా వదులుతూ ఉంటుంది. మీ ఇంట్లో ఆరని ఊకకుప్ప ఏదైనా ఉందంటే అది ముందు ఇక్కడ. పెద్దపేగుతో సహా 13 రకాల క్యాన్సర్లకు అధిక బరువుతో సంబంధం ఉందని 2016లో లెక్కతేల్చారు. అన్నం, నూనె పైన చెప్పిన కొలతలకు దిగి, రోజుకు ముప్పావుగంట గట్టు వెంట చురుగ్గా నడిస్తే ఆరునెలల్లో ఆరేడు కిలోలు తగ్గడం అందుబాటులో ఉన్న పనే. ఇక మందు. క్యాన్సర్ విషయంలో మద్యానికి 'ఇంతవరకు పర్వాలేదు' అనే హద్దు లేదు. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము అన్నిటికీ ముప్పే. బ్రాందీ అయినా కల్లు అయినా లోపలికెళ్లేది ఆల్కహాలే. అన్న అలా మంచమ్మీద ఉండగా తమ్ముడు మానడానికి ఇంతకంటే సమయం లేదని గట్టిగానే చెప్పండి.

అత్తగారి అడ్డపొగ ఈ ఇంట్లో తిండి కంటే పెద్ద ప్రమాదం. నిప్పున్న కొన నోట్లో పెట్టుకోవడం వల్ల వేడి, పొగ సూటిగా అంగిలికి తగులుతాయి, అందుకే ఆ అలవాటున్నవాళ్లలో అంగిలి క్యాన్సర్ వస్తుంది. ఇవాళే పగటి వెలుతురులో ఆవిడ నోరు తెరిపించి పై అంగిలి చూడండి. తెల్లటి మచ్చ, ఎర్రటి చుక్కలు, రెండు వారాలైనా మానని పుండు ఏది కనబడినా దంత వైద్యుడికో ముక్కుచెవిగొంతు డాక్టరుకో చూపించాలి. ఏమీ కనబడకపోయినా ఒకసారి చూపించడమే మేలు.

పసుపు క్యాప్సూల్ వద్దు. పసుపులో కర్కుమిన్ మూడు శాతం మాత్రమే, అదీ ఒంటికి సరిగా పట్టదు. అందుకే క్యాప్సూళ్లలో దాన్ని ఎన్నో రెట్లు పెంచి మిరియాల సారం కలుపుతారు. అలాంటివి వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు పలు దేశాల్లో నమోదయ్యాయి. కీమో నడుస్తున్న మనిషికి అసలే ఇవ్వకండి. ఆ మందులకూ కాలేయం అవసరం. పోపులో నూనెతో కలిసి, మిరియపుపొడి తగిలే కూర పసుపు ఎప్పటిలాగే వెయ్యండి. కొమ్ములు కొని మరపట్టించుకుంటే ఇంకా మంచిది, మెరుపు కోసం పొడిలో సీసం ఉన్న రంగు కలిపే కల్తీ ఉంది. విటమిన్ మాత్రలదీ ఇదే తీరు. బీటాకెరోటిన్ మాత్రలు క్యాన్సర్‌ను ఆపుతాయని ఫిన్లాండులో పొగతాగేవాళ్లకు ఇచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. 1994లో ఆ ఫలితం వచ్చాక ఆకుకూరలో ఉన్నదాన్ని మాత్రగా మింగితే చాలనుకోవడం తప్పని అందరికీ తెలిసింది.

సీఆర్‌పీ కూడా అక్కర్లేదు. జలుబు చేసినా, పన్ను నొప్పి ఉన్నా, కాలికి దెబ్బ తగిలినా అది పెరుగుతుంది. క్యాన్సర్ ఉందో లేదో అది చెప్పదు. ఎక్కువొస్తే భయం, తక్కువొస్తే కొలనోస్కోపీ అక్కర్లేదనే భ్రమ. ఆ డబ్బు మీవారి పరీక్షకు ఉంచండి.

చివరగా బావగారి కంచం. ఇప్పటిదాకా పీచు పెంచమని చెప్పినవన్నీ మిగిలిన ఐదుగురికే. కీమో మధ్యలో విరేచనాలు అవుతుంటే, లేదా మలం పోవడానికి పొట్ట మీద సంచి పెట్టి ఉంటే, ఆయనకు పీచు తగ్గించాల్సి రావచ్చు. ఆ సంగతి డాక్టరే చెప్పాలి. ఆయనకు ముందు కావాల్సింది మాంసకృత్తులు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం పూడ్చే కండ తయారయ్యేది ఆ పప్పు, గుడ్డు, చేపల్లోంచే. చారన్నం మీద ఉంచితే ఒళ్లు తన కండనే తినేస్తుంది, బరువు పడిపోతే కీమో మోతాదు తగ్గించాల్సి వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు 13, వంద గ్రాముల చేప 19, అరవై గ్రాముల పప్పు 14, పాలు పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు 13, రెండువందల గ్రాముల బియ్యం 15. కలిపితే 74. మూడు పూటలు తినలేరు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. మెత్తగా మెదిపిన పెసరపప్పు కట్టు, గుడ్డు కలిపిన జావన్నం, ముల్లు లేని కొర్రమేను పులుసు సులువుగా దిగుతాయి. అన్నీ వేడిగా ఉడికినవే, పచ్చి పచ్చళ్లు, బయటి తిండి వద్దు. అత్తగారితో మీరు వాదించకండి. కొడుకు మీద భయంతో చేస్తున్నారావిడ. వచ్చే కీమోకు ఆవిడను కూడా తీసుకెళ్లి, పప్పు గుడ్డు పెట్టమని డాక్టరుగారి నోటివెంటే చెప్పించండి.

ఆయనకిచ్చే మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఉందేమో చీటీ చూడండి. ఉంటే ఎక్కించాక కొన్ని రోజులు చల్లటివేవీ తగలకూడదు. ఫ్రిజ్ నీళ్లు, ఐసులో పెట్టిన బొండం తాగితే గొంతు బిగుసుకున్నట్టై ఊపిరాడట్లేదని కంగారుపడతారు. బొండం అప్పుడే కొట్టించి తాగించండి. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, రాత్రి ఎంత పొద్దుపోయినా, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. ఇంట్లో థర్మామీటర్ లేకపోతే ఇవాళే తెప్పించండి.